ఇంటి హీట్ పంపులు, కరెంటు గ్రిడ్: కర్నూలు, అనంతపురం, కడప వినియోగదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయలసీమ పట్టణాల్లో కొత్తగా కట్టే ఇంటికి ఏసీ పాయింటు, గీజర్ పాయింటు పెట్టకుండా వైరింగ్ పూర్తి చేసే రోజులు పోయాయి. ఈమధ్య గీజర్ బదులు హీట్ పంప్ వాటర్ హీటర్ పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగేవారూ పెరిగారు. వీటివల్ల ఇంటి బిల్లు ఎంత మారుతుందో అమ్మేవాళ్లే వివరంగా చెబుతారు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీద, దానికి కరెంటు పంపే ఫీడరు మీద, మొత్తం గ్రిడ్ మీద పడే ప్రభావం గురించి మాత్రం సాధారణంగా ఎవరూ చెప్పరు. ఇక్కడి ప్రశ్నలన్నీ ఆ విషయానికి సంబంధించినవే.

హీట్ పంప్ అంటే ఏమిటి? అది మా ఇంట్లో ఉందా?

మీ ఇంట్లో ఫ్రిజ్ గానీ ఏసీ గానీ ఉంటే హీట్ పంప్ ఉన్నట్టే. వేడిని కొత్తగా పుట్టించకుండా, ఒక చోట ఉన్న వేడిని కంప్రెసర్ సాయంతో ఇంకో చోటికి తరలించే యంత్రాన్ని హీట్ పంప్ అంటారు. ఏసీ గదిలోని వేడిని తీసి బయట పారేస్తుంది. హీట్ పంప్ వాటర్ హీటర్ బయటి గాలిలోని వేడిని తీసి ట్యాంకులోని నీళ్లలోకి పంపుతుంది. రెండింటిలోనూ కరెంటు ఖర్చయ్యేది ప్రధానంగా ఈ తరలింపు కోసమే కాబట్టి, ఒక యూనిట్ కరెంటుతో మూడు, అనుకూలమైన వాతావరణంలో నాలుగు యూనిట్ల వేడిని కదిలించడం సాధ్యమవుతుంది. గీజర్ రాడ్డు ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడినే ఇస్తుంది, అంతకు మించి ఇవ్వడం దానికి చేతకాదు.

గీజర్ స్థానంలో హీట్ పంప్ పెడితే లైనుపై భారం ఎంత తగ్గుతుంది?

నలుగురున్న ఇంట్లో 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడి చేయాలనుకుందాం. దానికి కావలసిన వేడి సుమారు 2.9 యూనిట్లు. గీజర్ దాదాపు అంతే కరెంటు తీసుకుంటుంది. హీట్ పంప్‌కు ఒక యూనిట్ సరిపోతుంది. డిసెంబరు, జనవరిలో కూడా మన జిల్లాల్లో గాలి బాగా చల్లబడదు కనుక ఈ యంత్రం ఇక్కడ ఏడాది పొడవునా సుఖంగా పనిచేస్తుంది.

యూనిట్ల లెక్క కన్నా గ్రిడ్‌కు ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. మామూలు గీజర్ స్విచ్ వేయగానే 2 కిలోవాట్లు, ట్యాంకు లేని ఇన్‌స్టంట్ గీజర్ అయితే 3 కిలోవాట్లు లాగుతుంది. ఇంటి హీట్ పంప్ వాటర్ హీటర్ అర కిలోవాటుకు కాస్త అటూ ఇటూగా, ఎక్కువ సేపు నడుస్తుంది. 2 కిలోవాట్ల గీజర్ సుమారు గంటన్నరలో ముగించే పనికి దీనికి దాదాపు రెండు గంటలు పట్టవచ్చు. కొనేవారికి ఇది లోపంగా కనిపిస్తుంది కానీ, ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి చూస్తే ఇదే దాని పెద్ద సుగుణం.

యూనిట్లు తగ్గితే గ్రిడ్‌కు మేలే కదా? ఇంకా ఆలోచించాల్సింది ఏముంది?

వేళ గురించి ఆలోచించాలి. కరెంటును తయారైన క్షణంలోనే వాడుకోవాలి. నిల్వ చేయాలంటే బ్యాటరీలో, నీటిని పైకి తోడి ఉంచే పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులో కావాలి, అవి ఖరీదైన వ్యవహారం. అందుచేత కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) తన తీగలను, ట్రాన్స్‌ఫార్మర్లను, కొనుగోలు ఒప్పందాలను నెల మొత్తం మీద మీరు వాడే యూనిట్లను బట్టి కాకుండా, అందరూ కలిసి ఒకే సమయంలో ఎంత లాగుతారన్న దాన్ని బట్టి సిద్ధం చేసుకోవలసి వస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే రెండు ఇళ్లలో ఒకటి ఎక్కువ భాగం మధ్యాహ్నం వాడి, రెండోది అంతా రాత్రి 10 గంటల తర్వాతే వాడితే మీటరు రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. గ్రిడ్‌కు మాత్రం ఆ రెండు ఇళ్లూ ఒకటి కావు. హీట్ పంప్ గ్రిడ్‌కు భారమా, సాయమా అన్నది అది ఎన్ని యూనిట్లు తింటుందన్న దానికన్నా ఏ వేళకు మొదలవుతుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కింది జవాబులు చాలావరకు ఈ ఒక్క మాట నుంచి వచ్చినవే.

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని ఏసీలను మోయగలదు?

పట్టణ వీధుల్లో తరచుగా కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరును తీసుకుందాం. అది 11 కేవీ కరెంటును 433 వోల్టులకు దించి, మూడు ఫేజుల్లో ఒక్కో ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు ఇవ్వగలదు. దాని కింద 60 ఇళ్లున్నాయనుకోండి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ కలిపి రాత్రిపూట ఇంటికి 300 వాట్ల చొప్పున 18 కిలోవాట్లు అవుతుంది. ఈ మాత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కదు. ఇంటికొక టన్నున్నర ఏసీ చేరి, అన్నీ 1.4 కిలోవాట్ల చొప్పున పూర్తి బలంతో నడిస్తే మరో 84 కిలోవాట్లు కలుస్తాయి. మొత్తం 102 కిలోవాట్లు అవుతుంది, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) కూడా లెక్కలోకి తీసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం దాటిపోయినట్టే.

మామూలు రోజుల్లో ఇలా జరగదు. ఒక ఇంట్లో గది చల్లబడి కంప్రెసర్ ఆగిన సమయానికి పక్కింట్లో మొదలవుతుంది, ఎదురింటివారు ఊళ్లోనే ఉండరు. ఇళ్ల లోడ్లు ఇలా ఒకదానికొకటి ఎడంగా పడతాయన్న నమ్మకంతోనే ఇంజనీర్లు ట్రాన్స్‌ఫార్మర్ పరిమాణాన్ని నిర్ణయిస్తారు. గీజర్లు, మిక్సీల విషయంలో ఆ నమ్మకం చాలావరకు నిలబడింది. మే నెల రాత్రి 11 గంటల వేళ, గోడలు పగలంతా పీల్చుకున్న వేడిని గదిలోకి వదులుతున్నప్పుడు, ఏ ఏసీ కంప్రెసరూ ఆగదు. ఆ ఎడం అప్పుడు దాదాపు పూర్తిగా చెరిగిపోతుంది.

దీనికి తోడు మన వీధుల్లో ఇంకొక ఇబ్బంది ఉంది. ఇళ్లు ఎక్కువగా సింగిల్ ఫేజ్ కనెక్షన్లు కాబట్టి, స్తంభం మీద ఏ ఇంటిని ఏ ఫేజుకు కలిపారన్న దాన్ని బట్టి ఒక ఫేజు నిండిపోయి, మిగతా రెండు తేలికగా ఉండవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ మొత్తంగా చూస్తే ముప్పావు వంతే నిండినా, బరువెక్కిన ఆ ఒక్క ఫేజు ఫ్యూజు ఎర్రబడి తెగిపోతుంది. వీధిలో ఒక వరుస ఇళ్లు చీకట్లో ఉండి, మధ్యమధ్యలో కొన్ని ఇళ్లు వెలుగుతూ కనిపించడానికి కారణం ఇదే. అటువంటప్పుడు లైన్‌మన్ మరింత లావు ఫ్యూజు వైరు చుట్టి వెళితే ఆ రాత్రికి గండం గట్టెక్కినట్టే అనిపిస్తుంది కానీ, ఫ్యూజు పడాల్సిన దెబ్బ ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ మీద పడుతుంది. అడగవలసింది ఫేజుల మధ్య లోడు సర్దమని.

ఎండలు ముదిరిన రోజునే కరెంటు ఎక్కువగా ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

హీట్ పంప్ స్వభావమే దీనికి మొదటి కారణం. బయటి వేడి, లోపలి చల్లదనం మధ్య తేడా పెరిగేకొద్దీ అదే పనికి కంప్రెసర్ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నట్టుగా పరీక్షించి డబ్బా మీద ముద్రిస్తారు. స్టార్ రేటింగ్‌కు ఆధారమైన లెక్క 24 నుంచి 43 డిగ్రీల వరకు, ఏడాదికి 1,600 గంటల వాడకానికి కట్టినది. కర్నూలులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు ఆ పై హద్దును తాకడం, కొన్నిసార్లు దాటడం మనకు కొత్త కాదు. డాబా మీద, పడమటి ఎండలో, చుట్టూ గాలి ఆడని మూలన బిగించిన అవుట్‌డోర్ యూనిట్ పీల్చే గాలి వాతావరణ కేంద్రం చెప్పే అంకె కన్నా ఇంకా వేడిగా ఉంటుంది.

గ్రిడ్ వైపు కూడా ఆ రోజే బలహీనమవుతుంది. రాగి, అల్యూమినియం తీగల నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె తన వేడిని వదులుకోవడానికి చుట్టూ చల్లటి గాలి దొరకదు. తీగలో కరెంటు రెట్టింపైతే అందులో వృథా అయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. దేశం మొత్తం మీద గరిష్ఠ డిమాండు 2024 మే 30న తొలిసారి 250 గిగావాట్లకు చేరడంలో వడగాడ్పులకు, ఏసీలకు పెద్ద పాత్రే ఉంది.

పోయిన కరెంటు వచ్చి, కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పోతుంది. ఎందుకని?

బోర్ల కింద సేద్యం చేసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. త్రీఫేజ్ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి, వాటి దెబ్బకు ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోవడం పల్లెల్లో ఎన్నోసార్లు చూసిందే. ఏసీలతో పట్టణంలో జరిగేదీ అదే.

వివరంగా చెప్పాలంటే ఇందులో రెండు ఘట్టాలున్నాయి. పాతకాలపు స్థిరవేగపు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో, మామూలుగా నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు నాలుగు నుంచి ఆరు రెట్లు లాగుతుంది. అది సెకను కాలంలో తగ్గిపోతుంది. అసలు ఇబ్బంది ఆ తర్వాత ఉంది. గంటసేపు కరెంటు లేక అన్ని గదులూ వేడెక్కి ఉన్నాయి కాబట్టి, కరెంటు వచ్చాక వీధిలోని ప్రతి ఏసీ ఆగకుండా పూర్తి బలంతో నడుస్తుంది. ఫ్రిజ్‌లు కూడా అంతే. కరెంటు పోకముందు వీధి మొత్తం 60 కిలోవాట్లు తీసుకుంటూ ఉంటే, వచ్చిన తర్వాత అరగంట పాటు 90 తీసుకోవచ్చు. చాలా ఏసీల్లో కంప్రెసర్ రక్షణ కోసం మూడు నిమిషాల విరామం పెడతారు. యంత్రానికి అది మంచిదే. అయితే అన్ని కంపెనీలూ ఇంచుమించు అదే మూడు నిమిషాలు పెట్టడంతో, వీధిలోని కంప్రెసర్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి లేస్తాయి.

కరెంటు పోగానే ఏసీని రిమోటుతోనో స్టెబిలైజర్ దగ్గరో ఆపేసి, వచ్చాక పది పదిహేను నిమిషాలు ఫ్యాన్‌తో గడిపి, తర్వాత వేసుకోవడం దీనికి ఉపాయం. అందరూ చేయకపోయినా, వీధిలో మూడో వంతు ఇళ్లవారు ఇలా చేసినా ఫ్యూజు నిలబడే అవకాశం ఎక్కువ.

లో వోల్టేజి ఉన్నప్పుడు స్టెబిలైజర్ పెట్టుకుంటే సరిపోతుందా?

మీ ఏసీకి సరిపోతుంది, వీధికి మాత్రం నష్టం. స్టెబిలైజర్ వోల్టేజిని ఎక్కడి నుంచో తేదు. 180 వోల్టులను 220కి పెంచడానికి అది లైను నుంచి అదనంగా కరెంటు లాగుతుంది. అలా లాగడంతో లైను చివరి ఇంట్లో వోల్టేజి ఇంకొంచెం పడిపోతుంది. వాళ్లు కూడా స్టెబిలైజర్ కొంటారు. కంప్రెసర్ వేగాన్ని అవసరం మేరకు మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ లోపలి సర్క్యూట్ కూడా వోల్టేజి తగ్గితే కరెంటు పెంచుకుని తన పని తాను చేసుకుపోయే రకమే. స్థిరవేగపు కంప్రెసర్లయితే వోల్టేజి బాగా పడినప్పుడు తిరగలేక బిగుసుకుపోతాయి, అప్పుడు మామూలుకు కొన్ని రెట్లు కరెంటు లాగుతూ, ఓవర్‌లోడ్ రక్షణ పనిచేసి తెగిపోయేదాకా వోల్టేజిని పైకి రానివ్వవు.

సాయంత్రాల్లో వోల్టేజి రోజూ 200 కన్నా తక్కువకు పడుతుంటే, అది ఇంట్లో సర్దుకోవలసిన సమస్య కాదు. 1912కు ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవడం, ఏ వేళకు ఎంత వోల్టేజి ఉందో స్టెబిలైజర్ మీద కనిపించే అంకెను కొన్ని రోజులు రాసి డిస్కం అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) కార్యాలయంలో ఇవ్వడం, నలుగురు కలిసి వెళ్లడం పనిచేస్తాయి. మాట వరసగా లైన్‌మన్‌కు చెబితే ఆ ఫిర్యాదు ఏ రికార్డులోనూ ఉండదు.

ఇన్వర్టర్ ఏసీ గ్రిడ్‌కు మంచిదేనా?

మొత్తం మీద మంచిదే. అది మెల్లగా మొదలై మెల్లగా వేగం పెంచుకుంటుంది కనుక మొదటి కుదుపు ఉండదు. గది చల్లబడ్డాక తక్కువ వేగంతో నడుస్తూ మూడో వంతు కరెంటుతో కూడా గడిపేస్తుంది. దాని ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు కరెంటు తరంగంలో కొద్దిగా హార్మోనిక్స్ (తరంగం ఆకారాన్ని చెడగొట్టే అదనపు తరంగాలు) కలుపుతాయి. ప్రమాణాలకు లోబడి తయారైన యంత్రాల్లో దాని గురించి బెంగపడనక్కరలేదు.

మన జిల్లాల్లో ఇంత సోలార్ కరెంటు తయారవుతుంటే ఏసీలకు కొరత ఎందుకు?

కర్నూలు దగ్గర గని, శకునాల ప్రాంతంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి ఉంది. నంబులపూలకుంట దగ్గర మరో పెద్ద పార్కు ఉంది. ఎండ కాసే వేళలో సీమ నుంచి కరెంటు బయటికి కూడా వెళుతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది కాబట్టి ఆ కరెంటుకు దేశమంతా దారి ఉంది. వ్యవసాయానికి ఇచ్చే 9 గంటల ఉచిత కరెంటును పగటిపూటకు మార్చాలన్న ఆలోచన కూడా ఈ సోలార్ లభ్యతకు చక్కగా అతుకుతుంది.

చిక్కు సూర్యాస్తమయం నుంచి మొదలవుతుంది. సాయంత్రం 5 నుంచి 7 గంటల మధ్య సోలార్ ఉత్పత్తి పూర్తిగా పడిపోతుంది, అదే సమయంలో ఇళ్లలో లైట్లు, వంటింటి పరికరాలు, ఏసీలు మొదలవుతాయి. ఆ ఖాళీని ముద్దనూరు సమీపంలోని 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం వంటివి, శ్రీశైలం వంటి జలవిద్యుత్ కేంద్రాలు, బయటి నుంచి కొన్న కరెంటు కలిసి వేగంగా పూడ్చాలి. థర్మల్ యూనిట్లకు అంత త్వరగా ఎక్కడం, దిగడం కష్టం. వేసవిలో శ్రీశైలంలో నీళ్లు అడుగంటి ఉంటాయి. పిన్నాపురం వద్ద చేపట్టిన పంప్డ్ స్టోరేజి వంటి ప్రాజెక్టుల ఉద్దేశం ఈ ఖాళీని పూడ్చడమే: పగటి మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం.

ఇంటి హీట్ పంప్ కూడా చిన్న ఎత్తున ఇదే పని చేయగలదు. వేడినీళ్ల ట్యాంకు, చల్లబడిన గోడలు రెండూ నిల్వలే. మధ్యాహ్నం ఒంటిగంటకు టైమర్‌తో నీళ్లు కాచి పెట్టుకుంటే, మంచి ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో అవి మర్నాడు ఉదయం స్నానానికి కూడా పనికొస్తాయి. ఎండ తగ్గకముందే 4 గంటలకు పడకగదిని చల్లబరచి తలుపులు మూసి ఉంచితే రాత్రి తొలి గంటల భారం కొంత తగ్గుతుంది. పైకప్పుకు తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయని డాబా ఇళ్లలో ఈ రెండో ఉపాయం పెద్దగా ఫలించదు, ఎందుకంటే స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కాబట్టి ముందు స్లాబు సంగతి చూసుకోవాలి.

పగలు వాడినందుకు నాకు బిల్లులో ఏమైనా కలిసొస్తుందా?

ఇంటిపై సోలార్ ఉంటే నేరుగా కలిసొస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు, ఆ పైన 78,000 రూపాయల వరకు కేంద్ర రాయితీ ఉంది. మధ్యాహ్నం మీ పలకల కరెంటుతోనే నీళ్లు కాచుకుంటే అది స్తంభం ఎక్కి తిరిగి రావలసిన అవసరం ఉండదు. ఒకే వీధిలో చాలా ఇళ్లకు సోలార్ ఉన్నప్పుడు మధ్యాహ్నం వోల్టేజి హద్దు మీరి పెరుగుతుంది, ఈ వాడకం దాన్ని కూడా అదుపులో ఉంచుతుంది.

సోలార్ లేని ఇళ్ల విషయంలో, వేళను బట్టి ధర మారే టారిఫ్‌కు కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. సోలార్ వేళల్లో ధర 10 నుంచి 20 శాతం తక్కువగా, గరిష్ఠ డిమాండు వేళల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువగా ఉండాలన్నది అందులోని సూత్రం. దానికి స్మార్ట్ మీటరు ఉండాలి. మన రాష్ట్రంలో ధరలు నిర్ణయించేది 2023లో కర్నూలుకు కార్యాలయం మార్చిన విద్యుత్ నియంత్రణ మండలి. ఏటా టారిఫ్‌పై జరిగే బహిరంగ విచారణలో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇళ్ల వాడకందారులు ఆ విచారణలకు వెళ్లడం అరుదు, పరిశ్రమల ప్రతినిధులు మాత్రం తప్పకుండా వెళతారు.

చలి దేశాల్లో హీట్ పంపులు గ్రిడ్‌ను కూలుస్తాయని విన్నాం. నిజమేనా?

అక్కడి సమస్య మనకు తలకిందులుగా ఉంటుంది. బయట చలి పెరిగేకొద్దీ హీట్ పంప్ శక్తి తగ్గుతుంది, ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది, గడ్డకట్టే రాత్రుల్లో లోపలున్న కాయిల్ హీటరు కూడా తోడై కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో జరిగిన పెద్ద అంతరాయంలో కరెంటు హీటర్ల వాడకం డిమాండును పెంచిన మాట నిజమే. అయితే చలికి గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు స్తంభించడం దానికి ప్రధాన కారణం. మరోవైపు, అంత చలిలో ఉండే నార్వేలో సగానికి పైగా ఇళ్లలో హీట్ పంపులు ఉన్నా గ్రిడ్ నిలబడే ఉంది. అక్కడ అంతకుముందు కాయిల్ హీటర్లే ఎక్కువ కాబట్టి, హీట్ పంప్ రాకతో లోడు తగ్గింది కూడా.

గ్రిడ్ నిర్వాహకులు మా ఇంటి ఏసీని దూరం నుంచి తగ్గించగలరా?

సాంకేతికంగా సాధ్యమే. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీని 49.90, 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలి. ఉత్పత్తి చాలనప్పుడు అది పడిపోతుంది. పదివేల కంప్రెసర్లను పది నిమిషాలు నిదానింపజేస్తే గదిలోనివారికి తెలియకుండానే డిమాండు తగ్గుతుంది. ఫీడరు మొత్తం కోసేయడం కన్నా ఇది ఎంతో మర్యాదైన పద్ధతి. జర్మనీలో 2024 జనవరి 1 నుంచి కొత్తగా పెట్టే హీట్ పంపులను, కారు ఛార్జర్లను లైను ఒత్తిడిలో ఉన్నప్పుడు 4.2 కిలోవాట్ల దాకా తగ్గించే అధికారం పంపిణీ సంస్థలకు ఉంది, దానికి బదులుగా వినియోగదారుకు నెట్‌వర్క్ ఛార్జీలో తగ్గింపు ఇస్తారు. తగ్గింపు ఇవ్వకుండా అధికారం మాత్రమే తెచ్చుకునే పద్ధతి ఎక్కడైనా వస్తే దాన్ని ఒప్పుకోనక్కరలేదు.

హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొనాలా?

మన మూడు జిల్లాల్లో అవసరం లేదు. చలికాలంలో కిటికీ వేసుకుంటే సరిపోయే చలికి అదనపు ధర పెట్టడం దండగ.

సోలార్ వాటర్ హీటర్ ఉన్నవారు హీట్ పంప్‌కు మారాలా?

మారనక్కరలేదు. ఇంత ఎండ ఉన్న చోట గ్రిడ్‌ను అసలు ముట్టుకోని పద్ధతి అదే. బోరు ఉప్పునీళ్లకు ట్యూబుల్లో ఉప్పు పేరుకుపోయి రెండు మూడేళ్లకే పనికిరాకుండా పోయిన ఇళ్లు, డాబా మీద హక్కు లేని అపార్ట్‌మెంట్లు హీట్ పంప్ గురించి ఆలోచించవచ్చు. ఉప్పునీళ్లు దాని ట్యాంకునూ వదలవు కాబట్టి సాఫ్ట్‌నర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచమని ఎందుకంటారు?

ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిగ్రీల వద్దే మొదలయ్యేలా తయారు చేయాలన్న నియమం కూడా ఉంది. 18కి పెట్టినంత మాత్రాన స్థిరవేగపు ఏసీ గదిని త్వరగా చల్లబరచదు, ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. వీధి ఏసీల మధ్య ఉండవలసిన ఎడాన్ని అది పోగొడుతుంది.

ఏసీ లేదా హీట్ పంప్ పెట్టే ముందు లోడ్ పెంచుకోవాలా?

పెంచుకోవాలి. చాలా పాత కనెక్షన్లు ఒక కిలోవాట్ లోడ్‌తోనే రికార్డులో ఉన్నాయి. ఆ ఇంట్లో రెండు ఏసీలు నడుస్తున్నా, కాగితం మీద ఆ వీధి లోడు పెరగలేదు కాబట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కోసం ప్రతిపాదన పంపడానికి ఏఈ చేతిలో ఆధారం ఉండదు. మన జిల్లాలు తిరుపతి కేంద్రంగా ఉన్న డిస్కం ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలోకి వస్తాయి. అదనపు లోడుకు దరఖాస్తు చేసి, డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి రసీదు తీసుకోవాలి. మీటరు నుంచి ఏసీ పాయింటు దాకా ప్రత్యేకంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి తగిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆగే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో అదే సమయంలో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. వీధిలో ఐదారు ఇళ్లవారు ఒకే వేసవిలో ఏసీలు పెట్టుకుంటుంటే, అందరి దరఖాస్తులూ మార్చిలోగా కలిపి ఇవ్వడం మంచిది. ఏప్రిల్ వచ్చాక ట్రాన్స్‌ఫార్మర్ మార్పిడి పనులన్నీ కాలిపోయినవాటి వెంటే పరుగెడుతుంటాయి.